వెండితెరపై వాద్యోత్సవం: సిద్ధి భావన వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పండుగ రోజుల్లో జరిగే పాశ్చాత్య వాద్యబృంద కచేరీలను ఊరి సినిమాహాల్లో ప్రదర్శించడం ఈ శతాబ్దంలో ఐరోపా దేశాల్లో స్థిరపడిన ఆచారం. ఆ ప్రదర్శనకు వచ్చినవారు పొందే ఆనందం ఎలాంటిదన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. నాట్యశాస్త్రంలోని సిద్ధి భావనను, అభినవగుప్తుడు వివరించిన రసవిఘ్నాలను ఆధారం చేసుకొని ఆంద్రే రియూ క్రిస్మస్ కచేరీ చిత్రాలను, వియన్నా, బెర్లిన్ నగరాల సంవత్సరారంభ, సంవత్సరాంత కచేరీలను పరిశీలిస్తుంది. తెరమీది కచేరీని అసలు కచేరీకి నకలుగా కొట్టివేయడం సరికాదని, అయితే దానిలోని చిత్రీకరణను, కూర్పును విమర్శకు అతీతంగా వదిలేయడమూ సరికాదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సిద్ధి, ప్రేక్షకత్వం, రసవిఘ్నం, ఉత్సవం, వాద్యబృందం, కచేరీ చిత్రం.

1. విషయప్రవేశం

మన అలంకారశాస్త్రం కావ్యాన్ని దృశ్యమని, శ్రవ్యమని విభజించింది. దానికి తగ్గట్టుగా చూసేవాడు ప్రేక్షకుడు, వినేవాడు శ్రోత అయ్యారు. సినిమాహాల్లో కూర్చొని తెరమీద వాద్యబృంద కచేరీని ఆస్వాదిస్తున్న వ్యక్తిని ఈ రెండింటిలో ఏ పేరుతో పిలవాలి? అతడు వచ్చింది వినడానికి. అతని ముందు ఉన్నది తెర. అతడు వింటున్న సంగీతం మరో ఊళ్లో, మరో సభ ముందు, బహుశా మరో రోజున వాయించినది. ఆ సభ కూడా తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. అంటే అతడు కచేరీతోపాటు కచేరీ వింటున్న సభను కూడా చూస్తున్నాడు. శ్రోతలను చూసే ప్రేక్షకుడతడు. ఈ రెండంతస్తుల స్థితికి మన విమర్శలో ఇంకా పేరు లేదు.

పేరు లేకపోవడం కేవలం పరిభాషాలోపం కాదు. పేరు లేనిచోట తీర్పు తొందరపడుతుంది. తెరమీది కచేరీని గురించి వినిపించే తీర్పులు సాధారణంగా రెండే. ఒకటి, ఇది అసలు కచేరీకి నీడ కాబట్టి దీనిలోని ఆనందమూ నీడే అన్నది. రెండవది, జనం ఆనందించారు కాబట్టి చర్చే అక్కరలేదన్నది. మొదటిది రసికుని అహంకారం, రెండవది విమర్శకుని బాధ్యతారాహిత్యం. ఈ రెండింటికీ మధ్య నిలిచి, ఆ ఆనందాన్ని గౌరవిస్తూనే దాని నిర్మాణాన్ని ప్రశ్నించడం ఈ వ్యాసోద్దేశం. ఇందుకు తగిన సామగ్రి మన శాస్త్రంలోనే ఉంది.

2. నేపథ్యం

వాద్యబృందానికి, సినిమాహాలుకు ఉన్న బంధుత్వం కొత్తది కాదు. మూకీల కాలంలో ఐరోపా, అమెరికా నగరాల పెద్ద హాళ్లలో తెర కింద వాద్యబృందం కూర్చొని వాయించేది. అప్పుడు బొమ్మ ముద్రితం, సంగీతం సజీవం. టాకీలు వచ్చాక వాద్యకారులు హాలు విడిచిపోయారు, సంగీతం కూడా ముద్రితమైంది. ఈనాడు అదే వాద్యబృందం తెర కింద నుంచి తెరమీదికి చేరింది. ఈ రాకపోకల మధ్యలో సినిమా కొన్ని సంగీతకృతులకు కొత్త జీవితాన్ని ఇచ్చింది. రెండవ యోహాన్ స్ట్రౌస్ 1866లో కూర్చిన ‘నీలి డాన్యూబ్’ వాల్ట్జ్‌ను 1968 నాటి స్టాన్లీ క్యూబ్రిక్ చిత్రం ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ అంతరిక్షానికి తీసుకువెళ్లింది. రియూ పేరుతో విడదీయలేనంతగా ముడిపడిన షోస్తకోవిచ్ ‘రెండవ వాల్ట్జ్’ మొదట సోవియట్ చలనచిత్ర సంగీతంలోదే. క్రిస్మస్ కచేరీల్లో తప్పనిసరిగా వినిపించే ‘వైట్ క్రిస్మస్’ పాటను ఇర్వింగ్ బెర్లిన్ రాయగా, అది ప్రసిద్ధమైంది 1942 నాటి ‘హాలిడే ఇన్’ చిత్రంతో. కాబట్టి సినిమాహాల్లో ఈ సంగీతం వినిపిస్తే అది పరాయి చోటికి వచ్చినట్టు కాదు. చాలావరకు పుట్టింటికి వచ్చినట్టు.

ఫిల్ము రీళ్లు పోయి డిజిటల్ ప్రొజెక్షను రావడంతో, ఉపగ్రహం ద్వారా ప్రత్యక్షప్రసారాన్ని అందుకోవడం మామూలు హాళ్లకు కూడా సాధ్యమైంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా 2006 డిసెంబరు 30న మోజార్ట్ ‘మాయా మురళి’తో హాళ్లకు ప్రత్యక్షప్రసారాలు మొదలుపెట్టింది. ఆ తరువాత ఒపేరా, బాలే, నాటకం, వాద్యబృంద కచేరీ వరుసగా తెరకెక్కాయి. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ తన సంవత్సరాంత కచేరీని ఐరోపాలోని సినిమాహాళ్లకు ప్రత్యక్షంగా అందించింది. ఆంద్రే రియూ మాస్ట్రిక్ట్ నగరంలో ఇచ్చే కచేరీలు, వాటితోపాటు క్రిస్మస్ కచేరీలు, బ్రిటన్ మొదలుకొని అనేక దేశాల హాళ్లలో ప్రదర్శితమవుతున్నాయి. 2023లో ‘వైట్ క్రిస్మస్’, 2024లో ‘గోల్డ్ అండ్ సిల్వర్’ ఇలా వచ్చినవే.

ఈ ప్రదర్శనలకు వచ్చేవారిలో వయసు మళ్లినవారు ఎక్కువ. విమానం ఎక్కి మాస్ట్రిక్ట్‌కో వియన్నాకో వెళ్లే శక్తి గాని, ఆ టిక్కెట్టు కొనే స్తోమత గాని లేనివారు, చలికాలపు మధ్యాహ్నం ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న హాలుకు వస్తారు. ఈ సంగతిని మనసులో ఉంచుకోకుండా వారి ఆనందంపై తీర్పు చెప్పడం అన్యాయమవుతుంది.

3. సిద్ధి: భరతుని రెండు కొలతలు

ప్రయోగం సఫలమైందని ఎలా తెలుస్తుంది? నాట్యశాస్త్రంలో 27వదిగా ప్రసిద్ధమైన సిద్ధివ్యంజకాధ్యాయం ఈ ప్రశ్నకు సమాధానమిస్తుంది. సిద్ధి మానుషి అని, దైవి అని రెండు విధాలు. మానుషీ సిద్ధి ప్రేక్షకుల వాక్కులోను, శరీరంలోను వ్యక్తమవుతుంది. చిరునవ్వు, సగం నవ్వు, పెద్దనవ్వు, సాధువాదం, ‘అహో’ అనే ఆశ్చర్యం, కరుణఘట్టంలో ‘కష్టం’ అనే పలుకు, పెల్లుబికిన కోలాహలం మొదలైనవి వాఙ్మయమైనవి. గగుర్పాటు, ఆసనం నుంచి లేవడం, వస్త్రాన్నో ఉంగరాన్నో కానుకగా విసరడం శరీరసంబంధమైనవి. దైవీ సిద్ధి దీనికి భిన్నం. భావాతిశయం, సాత్త్వికత నిండినచోట, శబ్దం లేనిచోట, కలత లేనిచోట, ఉత్పాతం లేనిచోట, రంగం నిండుగా ఉన్నచోట ఆ సిద్ధి కలుగుతుంది.

ఇక్కడ గమనించవలసినవి మూడు. మొదటిది, భరతుడు చప్పట్లను, కోలాహలాన్ని నీచంగా చూడలేదు. అవీ సిద్ధి లక్షణాలే. రెండవది, నిశ్శబ్దం ఒక్కటే చాలదన్నాడు. రంగం నిండి ఉండాలి. నిండిన సభలోని నిశ్శబ్దమే సిద్ధి. మూడవది, ఈ రెండింటికీ సాక్షి ప్రేక్షకుడే. అదే అధ్యాయంలో ఉత్తమ ప్రేక్షకుని గురించి చెబుతూ, ఎదుటి పాత్ర సంతోషిస్తే సంతోషించేవాడని, దుఃఖిస్తే దుఃఖించేవాడని అంటాడు. వయసును బట్టి, స్వభావాన్ని బట్టి జనానికి నచ్చేవి వేరువేరుగా ఉంటాయని కూడా అంగీకరిస్తాడు. ప్రేక్షకవైవిధ్యాన్ని ఇంత సహనంతో గుర్తించిన శాస్త్రం మన చేతిలో ఉండగా, ఒకే రకమైన శ్రవణమర్యాదను అందరిపై రుద్దవలసిన పని లేదు.

తెరమీది కచేరీలో ఒక చిక్కు ఉంది. సిద్ధి రెండుచోట్ల జరగాలి. చిత్రీకరించిన సభలో జరిగిన సిద్ధి మొదటిది. ఆ చిత్రాన్ని చూస్తున్న హాల్లో జరగవలసినది రెండవది. మొదటిది రెండవదానికి దారి చూపవచ్చు, అడ్డు కూడా పడవచ్చు. కచేరీ చిత్రాలను పోల్చి చూడడానికి ఈ భేదం ఉపయోగపడుతుంది.

4. మానుషీ సిద్ధి: రియూ కచేరీ చిత్రం

ఆంద్రే రియూ 1949లో మాస్ట్రిక్ట్‌లో జన్మించాడు. తండ్రి వాద్యబృంద సంచాలకుడు. 1987లో రియూ స్థాపించిన యోహాన్ స్ట్రౌస్ వాద్యబృందం కొద్దిమందితో మొదలై పెద్ద బృందంగా ఎదిగింది. వయొలిన్ వాయిస్తూనే బృందాన్ని నడిపే పద్ధతి అతనిది. ఇది అతడు కనిపెట్టినది కాదు. స్ట్రౌస్ కుటుంబం నుంచి వచ్చిన సంప్రదాయమే. వియన్నా నూతన సంవత్సర కచేరీని 1955 నుంచి 1979 వరకు నడిపించిన విల్లీ బాస్కోవ్‌స్కీ కూడా వయొలిన్ చేతబట్టే నడిపించాడు. రియూ వేదికపై వాద్యకారిణులు రంగురంగుల పొడవాటి గౌనులు ధరిస్తారు. పాటకు పాటకు మధ్య అతడు సభతో ముచ్చటిస్తాడు, హాస్యమాడతాడు. క్రిస్మస్ కచేరీకి వేదిక శీతకాలపు రాజప్రాసాదంగా మారుతుంది. దీపగుచ్ఛాలు వేలాడతాయి, మంచు రాలుతుంది.

ఈ ఆడంబరాన్ని చూసి ముక్కు విరిచే విమర్శకులు పాశ్చాత్యదేశాల్లో చాలామంది ఉన్నారు. మన శాస్త్రం మాత్రం అంత తొందరగా ముక్కు విరవదు. రసప్రతీతికి కలిగే ఏడు విఘ్నాలను అభినవగుప్తుడు వివరించాడు. వాటిలో ‘నిజసుఖాదివివశీభావం’ ఒకటి. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉంటే ఎదుట జరుగుతున్నది అతనికి అందదు. దీనికి విరుగుడుగా అభినవగుప్తుడు చెప్పినవి వాద్యం, గానం, విచిత్రంగా అలంకరించిన మండపం మొదలైనవి. రియూ దీపగుచ్ఛాలు చేసే పని సరిగ్గా ఇదే. పెనిమిటి పోయిన తరువాతి మొదటి క్రిస్మస్‌కు ఒంటరిగా హాలుకు వచ్చిన ఒక వృద్ధురాలిని ఊహించుకుందాం. ఆమెకు అలంకారం అనవసరమైన హంగు కాదు. తన దుఃఖం నుంచి తనను కొంతసేపు విడిపించే ద్వారం. అందువల్ల ఆడంబరమే దోషమనే వాదం నిలవదు.

సంగీతం ఎంపిక మీద వచ్చే ఆక్షేపణ కొంత బలమైనది. పెద్ద కృతులలోని తెలిసిన రాగఖండాలను ఏరి వరుసగా పేర్చడం వల్ల శ్రవణం జ్ఞాపకాల ఏరివేతగా మారుతుందని, రేడియోలో సింఫనీని గురించి అడార్నో 1940లలోనే హెచ్చరించాడు. అయితే స్ట్రౌస్ వాల్ట్జ్‌లు, క్రిస్మస్ పాటలు పెద్ద కృతి నుంచి తెంపిన ముక్కలు కావు. అవి మొదటి నుంచీ చిన్నవే, జనానికి ఉద్దేశించినవే. మొదటి యోహాన్ స్ట్రౌస్ తన నృత్యవాద్యబృందంతో దేశాలు తిరిగి, 1838లో విక్టోరియా రాణి పట్టాభిషేక సమయంలో ఇంగ్లండులో కచేరీలు చేశాడు. అతని కుమారుడు 1872లో అమెరికాలోని బోస్టన్‌లో బ్రహ్మాండమైన జనసమూహం ముందు వాయించాడు. వాల్ట్జ్ త్రికాల నడక శరీరాన్ని కదిలిస్తుంది. మన ఛందస్సులో హయప్రచార రగడలోని తిస్రగతిని ఎరిగినవారికి ఈ ఊపు కొత్తగా అనిపించదు. వియన్నా వాయింపులో రెండవ దెబ్బ రవంత ముందే పడి, నడకకు ఒక ఒరవడి తెస్తుంది. ఇలాంటి సంగీతానికి కదలకుండా కూర్చోవడమే మర్యాద అనుకోవడం ఆ సంగీతస్వభావాన్ని మరచిపోవడమే.

అసలు ఆక్షేపణ మరోచోట ఉంది. అది కూర్పుకు సంబంధించినది. రియూ కచేరీ చిత్రాల్లో కెమెరా పదేపదే సభలోకి వెళ్తుంది. చేతులు పట్టుకున్న దంపతులు, కన్నీరు తుడుచుకుంటున్న స్త్రీ, వరుసల మధ్య నాట్యం చేస్తున్న జంట, ఊగుతున్న భుజాలు కనిపిస్తాయి. భరతుని భాషలో ఇవన్నీ మానుషీ సిద్ధి చిహ్నాలు. చిత్రం వాటిని సేకరించి, సంగీతవాక్యం ముగియకముందే మన ముందు పెడుతుంది. రసప్రక్రియలో విభావం ముందు, అనుభావం తరువాత. ఇక్కడ అనుభావమే ముందు వస్తుంది. మనకు ఏడుపు రాకముందే ఏడ్చేవారిని చూపి, ఇది ఏడవవలసిన చోటని చెబుతుంది. అభినవగుప్తుని విఘ్నాలలో మరొకటి అనుభవాన్ని స్వగతమనో పరగతమనో ఒక దేశకాలానికి కట్టివేయడం. కెమెరా అదే పనిగా మాస్ట్రిక్ట్ సభాసదుల ముఖాలపై నిలిచినప్పుడు ఆనందం పరగతమైపోతుంది. అది వారి ఆనందం. మనం దానికి చూపరులం. సాధారణీకరణం జరగవలసినచోట ఒకింత అసూయ, ఒకింత అనుకరణ మిగులుతాయి.

ఈ దోషం అంతటా సమానంగా లేదు. వాల్ట్జ్‌లలో సభను చూపడం సంగీతానికి అనుగుణంగానే ఉంటుంది. ఎందుకంటే నాట్యం ఆ సంగీతంలో భాగం. చిక్కు వచ్చేది మౌనగీతాల దగ్గర. ‘సైలెంట్ నైట్’ పాటను 1818 క్రిస్మస్ ముందు రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి చర్చిలో, యోసెఫ్ మోర్ సాహిత్యంతో, ఫ్రాంజ్ గ్రూబర్ స్వరరచనతో మొదటిసారి పాడారు. తెలుగు క్రైస్తవ సమాజాల్లో కూడా దానిని తెలుగు మాటలతో పాడుకుంటారు. ఆ పాట కోరేది శబ్దం లేని, కలత లేని స్థితి. అక్కడ ముఖం తరువాత ముఖం చూపుతూ పోవడం దైవీ సిద్ధిని మానుషీ సిద్ధిగా తర్జుమా చేయడమే. క్షేమేంద్రుని మాటలో చెప్పాలంటే అది ఔచిత్యభంగం.

5. దైవీ సిద్ధి: వియన్నా, బెర్లిన్

పండుగ కచేరీ చిత్రాలన్నిటికీ వెనుక వియన్నా ఫిల్హార్మోనిక్ నూతన సంవత్సర కచేరీ ఉంది. క్లెమెన్స్ క్రౌస్ సంచాలకత్వంలో మొదటి కచేరీ 1939 డిసెంబరు 31న జరిగింది. 1941 నుంచి అది జనవరి 1కి మారింది. 1959 నుంచి టెలివిజన్‌లో ప్రసారమవుతోంది. నాజీ పాలనలో, ఆ ప్రభుత్వపు యుద్ధకాల శీతసహాయనిధి కోసం పుట్టిన కచేరీ ఇది. ఈనాటి బంగారు సభాభవనం, పూలతోరణాలు ఆ జన్మవృత్తాంతాన్ని చెప్పవు. ముగింపులో చప్పట్లతో సాగే ‘రాడెట్‌స్కీ మార్చ్’ 1848లో ఒక సేనాధిపతి విజయానికి కూర్చినది. అది దశాబ్దాలపాటు నాజీ పార్టీ సభ్యుడొకడు చేసిన వాద్యరూపంలోనే వినిపించింది. 2020లో బృందం దానిని పక్కనపెట్టి కొత్త రూపం సిద్ధం చేసుకుంది. ఉత్సవం ఎన్నడూ కేవలం ఆనందం మాత్రమే కాదు, అది ఒక సమాజం తన్ను తాను చూపుకొనే తీరు కూడా. రియూ కచేరీని వ్యాపారమని ఆక్షేపించి వియన్నాను పవిత్రమని భావించేవారు ఈ చరిత్రను మరవరాదు.

చిత్రీకరణలో వియన్నా ప్రసారానిది వేరొక దోషం. వాల్ట్జ్ వాయిస్తుండగా కెమెరా సభను విడిచి ఉద్యానాలకు, ప్రాసాదాలకు, అక్కడ నర్తించే బాలే జంటల దగ్గరకు పోతుంది. ప్రధానమైన సంగీతం దేశవైభవ దృశ్యాలకు ఉద్దీపనవిభావంగా మారిపోతుంది. అయినా ఈ కచేరీలోని రెండు ఆచారాలు సభను భాగస్వామిగా నిలుపుతాయి. ‘నీలి డాన్యూబ్’ ఆరంభస్వరాలు వినిపించగానే సభ చప్పట్లతో అడ్డుకుంటుంది. సంచాలకుడు, బృందం నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పి మళ్లీ మొదలుపెడతారు. ‘రాడెట్‌స్కీ మార్చ్’లో సంచాలకుడు సభవైపు తిరిగి చప్పట్లను కూడా ఒక వాద్యంగా నడిపిస్తాడు. మంద్రంగా, ఉచ్చంగా, ఎక్కడ ఆపాలో చూపుతూ. 2005లో ఈ మార్చ్ వినిపించలేదు. కొద్దిరోజుల ముందు, 2004 డిసెంబరు 26న, హిందూ మహాసముద్ర తీరాలను సునామీ ముంచెత్తింది. మన ఆంధ్ర తీరం కూడా ఆ విపత్తులో ఉంది. ఎప్పుడూ వినిపించే చప్పట్లను ఆ ఏడు మానుకోవడం ద్వారా ఆ సభ ‘కష్టం’ అనే పలుకును మౌనంగా పలికింది.

బెర్లిన్ సంవత్సరాంత కచేరీ చిత్రీకరణ ఈ రెండింటికంటే నిరాడంబరమైనది. దీనికి ఒక కారణం ఆ భవనమే. 1963లో ప్రారంభమైన బెర్లిన్ ఫిల్హార్మోనిక్ భవనాన్ని రూపొందించిన హాన్స్ షారూన్ వాద్యబృందాన్ని నడుమ ఉంచి, శ్రోతల ఆసనాలను చుట్టూ అమర్చాడు. అందువల్ల సంచాలకుని ముఖాన్ని చూపినా, వాద్యకారుని చేతులను చూపినా వెనుక శ్రోతలు అదే చట్రంలో కనిపిస్తారు. వారిని చూపడానికి సంగీతాన్ని కత్తిరించనక్కరలేదు. సభ వేరుగా, బృందం వేరుగా కాక ఒకే దృశ్యంగా ఉంటాయి. పైగా ప్రసారం ప్రత్యక్షం. ఊరి హాల్లో కూర్చున్నవారికి, తెరమీద ఉన్నవారికి ముగియబోతున్న సంవత్సరం ఒక్కటే. ఇక్కడ రెండవ సిద్ధికి మొదటి సిద్ధి అడ్డుపడదు. చివరి స్వరం తరువాత క్షణకాలం నిలిచే నిశ్శబ్దాన్ని హాలు కూడా పంచుకోగలుగుతుంది.

6. ఖాళీ సభ చెప్పినది

2021 జనవరి 1న రికార్డో ముతి సంచాలకత్వంలో వియన్నా కచేరీ ఖాళీ భవనంలో జరిగింది. కోవిడ్ కారణంగా శ్రోతలకు ప్రవేశం లేదు. ముందే పేరు నమోదు చేసుకున్నవారు ప్రపంచం నలుమూలల నుంచి కొట్టిన చప్పట్లను భవనంలోకి ప్రసారం చేశారు. ముతి ఖాళీ కుర్చీలకు ఎదురుగా నిలిచి, సమాజానికి సంగీతం అవసరాన్ని గురించి మాట్లాడాడు.

ఆ కచేరీ భరతుని సూత్రాన్ని పరీక్షకు పెట్టింది. అక్కడ శబ్దం లేదు, కలత లేదు. అయినా అది దైవీ సిద్ధి కాలేదు, ఎందుకంటే రంగం నిండలేదు. మహమ్మారి అనే ఉత్పాతం కూడా అక్కడ ఉంది. ‘రాడెట్‌స్కీ మార్చ్’ చప్పట్లు లేకుండా సాగినప్పుడు ఆ కృతిలో ఒక వాద్యం తగ్గినట్టు స్పష్టంగా తెలిసింది. కచేరీలో సభ సంగీతానికి బయట ఉండే వినియోగదారుల గుంపు కాదు. అందరూ కలిసి చేసే పనిగా సంగీతాన్ని చూడాలని క్రిస్టఫర్ స్మాల్ 1998లో ప్రతిపాదించాడు. ఆ మాట అక్కడ ప్రత్యక్షమైంది. సభ లేని కచేరీ వెలితిగా తోస్తే, సభ ఉన్న సినిమాహాలు ఆ వెలితిలో కొంత తీర్చగలదన్న వాదానికి చోటు దొరుకుతుంది.

7. మూలవిరాట్టు, ఉత్సవమూర్తి

యాంత్రిక పునరుత్పత్తి వల్ల కళాకృతికి ఉన్న ‘ఇక్కడ, ఇప్పుడు’ అనే ప్రభావలయం తరుగుతుందని వాల్టర్ బెంజమిన్ 1930లలో అన్నాడు. ప్రత్యక్షమనే భావనే రికార్డింగు వచ్చిన తరువాత ఏర్పడిందని ఫిలిప్ ఆస్లాండర్ 1999లో వాదించాడు. ఈ చర్చకు మన ఆలయసంప్రదాయం ఒక ఉపయోగకరమైన భేదాన్ని అందిస్తుంది. మూలవిరాట్టు గర్భాలయం దాటదు. ఆలయానికి రాలేని ముసలివారి కోసం, రోగుల కోసం, ఒకప్పుడు రానివ్వని వారి కోసం కూడా ఉత్సవమూర్తి వీధులలోకి వస్తుంది. ఉత్సవమూర్తికి హారతి ఇచ్చిన గృహిణి తాను నకలును పూజించానని అనుకోదు. ఉత్సవం వీధిలోనే జరిగింది, గర్భగుడిలో కాదు.

మాస్ట్రిక్ట్‌లోని కచేరీ మూలవిరాట్టు అయితే ఊరి సినిమాహాల్లో ప్రదర్శించిన చిత్రం ఉత్సవమూర్తి. అది ముందే రికార్డయినదన్న అభ్యంతరం ఇక్కడ బలహీనపడుతుంది. పండుగ సహజంగా ఏటేటా తిరిగివచ్చేది. క్రిస్మస్ పాట ఎప్పుడు రికార్డయినా దానిని క్రిస్మస్ ముంగిట ఊరివారు కలిసి విన్నప్పుడు ఆ ఘడియ వారిదే. విరామంలో పలకరింపులు, పక్కసీటు వారితో మాటలు, తెలిసిన పాటకు గొంతు కలపడం, ముగిశాక వాద్యకారులకు వినిపించదని తెలిసీ కొట్టే చప్పట్లు – ఇవి ఆ హాలు సిద్ధి చిహ్నాలు. వినిపించని చప్పట్లు ఎవరికోసమని హేళన చేయనక్కరలేదు. మన హాళ్లలో తారకు వినిపించదని తెలిసీ ఈలలు వేసి, కాగితపు ముక్కలు చల్లిన ప్రేక్షకులు ఉన్నారు. చిరంజీవి అభిమానుల చేష్టలను అధ్యయనం చేసిన ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు అవి వెర్రి కావని, ప్రేక్షకులు తమ హక్కును ప్రకటించుకొనే తీరని చూపారు. హాలులోని చప్పట్లు తెరకు కావు, ఒకరికొకరు చెప్పుకొనే అంగీకారం.

అయితే తెలుగులో ‘ఉత్సవ విగ్రహం’ అన్న మాటకు మరో అర్థం ఉంది. ఊరేగింపులకు మాత్రమే పనికివచ్చి, స్వతంత్రశక్తి లేనివాడిని అలా అంటాం. తెరమీది కచేరీకి ఈ రెండో అర్థం పట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంది. మాస్ట్రిక్ట్ సభ ఆనందాన్ని చూపడమే దాని పనైతే, హాలులోని జనం ఇతరుల పండుగకు చూపరులుగా మిగిలితే, అది ఊరేగిన బొమ్మే. దీనిని నిర్ణయించేది సాంకేతికత కాదు, కూర్పు.

8. తెలుగు విమర్శకు దీని సంబంధం

ఈ చర్చ పరాయి సంగీతానికి పరిమితమైనది కాదు. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో జరిగే త్యాగరాజ ఆరాధనను తెలుగువారిలో అత్యధికులు ఎరిగింది ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసారాల ద్వారానే. తెలుగు కృతులు కావేరి ఒడ్డున వినిపిస్తుంటే కృష్ణా గోదావరి తీరాలవారు ఇళ్లలో కూర్చొని వింటారు, చూస్తారు. ఘనరాగ పంచరత్నాలు అక్కడ గోష్ఠిగానంగా సాగుతాయి. గోష్ఠిగానంలో ఒక కంఠం మరో కంఠంలో కలిసిపోవాలి. కెమెరా మాత్రం ప్రసిద్ధుల ముఖాలను వెదుకుతుంది. గోష్ఠి కాస్తా విద్వాంసుల జాబితాగా మారుతుంది. ఇది రియూ చిత్రంలోని దోషానికి సోదరదోషం. అక్కడ సభ ముఖాలు, ఇక్కడ వేదిక ముఖాలు. ఇంట్లో ఒంటరిగా చూసే ప్రసారానికి, ఊరివారు ఒకచోట చేరి చూసే ప్రదర్శనకు గల భేదం కూడా ఇక్కడే బయటపడుతుంది. మొదటిదానిలో రంగసంపూర్ణత ఉండదు. మన ఊళ్లలోని హాలు ఆరాధననాడు తలుపులు తెరిచి, ఊరివారు కలిసి పంచరత్నాలు పాడుకొనేందుకు తెరను వాడుకుంటే ఏమవుతుందన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

పై పరిశీలన నుంచి కచేరీ చిత్రాలను తూచడానికి మూడు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు. ఒకటి, దృశ్యం సంగీతవాక్యాన్ని అనుసరిస్తోందా, లేక దానిని మధ్యలో తెంపుతోందా? రెండు, చివరి స్వరం తరువాతి నిశ్శబ్దానికి చోటు ఇస్తోందా? మూడు, హాలులోని ప్రేక్షకుని సహసభ్యునిగా పలకరిస్తోందా, లేక ఇతరుల సంతోషానికి సాక్షిగా మాత్రమే కూర్చోబెడుతోందా? మొదటి రెండింటిలో బెర్లిన్ ప్రసారం మేలైనది. వాల్ట్జ్‌లలో రియూ చిత్రం మొదటి ప్రమాణాన్ని నెగ్గుతుంది, మౌనగీతాలలో ఓడుతుంది. మూడవ ప్రమాణంలో రియూ ప్రదర్శనకు ఒక బలం ఉంది. సభతో ముచ్చటించే అతని తీరు తెరను దాటి హాలును కూడా తాకుతుంది. హాళ్లలోని ప్రేక్షకుల కోసమే చార్లెట్ హాకిన్స్ వంటి ప్రయోక్తలతో ముఖాముఖి ఏర్పాటు చేయడం ఆ పలకరింపును పొడిగిస్తుంది. వియన్నా ప్రసారం చప్పట్ల ఆచారంలో మూడవ ప్రమాణాన్ని అందుకొని, ప్రాసాదదృశ్యాలలో మొదటిదానిని వదులుకుంటుంది.

9. ముగింపు

తెరమీది వాద్యోత్సవంలో పొందే ఆనందం అసలుకు నీడ కాదు. అది మరోచోట, మరో సభలో జరిగే సిద్ధి. దానికి కావలసినవి రెండు: నిండిన హాలు, ఆ హాలును మరవని కూర్పు. మొదటిది ఊరివారు సమకూరుస్తారు. చలిలో కోట్లు తొడుక్కొని, చేతికర్ర పట్టుకొని, తోడు తెచ్చుకొని వస్తారు. రెండవది కళాకారుల, చిత్రీకరించినవారి బాధ్యత. ఆ బాధ్యతను అడిగే హక్కు, పని రెండూ విమర్శకులవి. ఇలాంటి ప్రేక్షకులను సహనంతో చూసిన శాస్త్రం, వారి నవ్వును, గగుర్పాటును, ఆసనం నుంచి లేవడాన్ని సిద్ధి లక్షణాలుగా లెక్కించిన శాస్త్రం మనకు వారసత్వంగా ఉంది. దానిని పాఠ్యాంశంగా బోధించడంతో ఆగక, ఈనాటి హాళ్లలోకి తీసుకువెళ్లడం తెలుగు పరిశోధన చేయవలసిన పని.